పదో తరగతి చదివే మా అమ్మాయికి ఇన్సులిన్ రెసిస్టెన్స్ అన్నారు: మనసు నొప్పించకుండా అలవాట్లు మార్చడం ఎలా?

ప్రశ్న: ఒక తల్లి, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మా పెద్దమ్మాయికి పదిహేనేళ్లు. ఏడాది కాలంగా దాని మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లబడి, తాకితే ముఖమల్ గుడ్డలా మందంగా తగులుతోంది. మట్టి పేరుకుందనుకుని ఆదివారం తలంటు పోసినప్పుడల్లా నేనూ మా అత్తమ్మా సున్నిపిండితో, నిమ్మచెక్కతో రుద్దేవాళ్లం. ఒకసారి చర్మం చెక్కుకుపోయి మంటకు తాళలేక ఏడ్చింది. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు తరుక్కుపోతుంది.

నాలుగు నెలల కిందట పరీక్షలు చేయిస్తే పరగడుపు షుగరు 104, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే పరీక్ష) 5.8 వచ్చాయి. ఇది ఇంకా షుగరు వ్యాధి కాదు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ హార్మోను ఒంట్లో సరిగా పనిచేయకపోవడం), బరువు తగ్గించండి, తీపి మాన్పించండి అని ఐదు నిమిషాల్లో చెప్పి పంపారు. మేము ఇంటికి వచ్చిన రోజు నుంచే చక్కెర డబ్బా అటక మీద పెట్టాం, తమ్ముడికి అన్నం వడ్డించి దానికి మాత్రం రెండు జొన్న రొట్టెలు పెట్టాం, ప్రతి ఆదివారం బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాశాం. ఈ నాలుగు నెలల్లో పాప రెండు కిలోలు పెరిగింది.

బరువు కన్నా నన్ను ఎక్కువగా భయపెడుతున్నది వేరే. మా బంధువుల పెళ్లిలో ఒకావిడ పదిమందిలో "ఈ వయసుకే ఇంత ఒళ్లయితే రేపు సంబంధాలెట్లా కుదురుతాయి" అన్నది. అప్పటి నుంచి పాప ఏ శుభకార్యానికీ రావడం లేదు. జడ పైకి కట్టుకోవడం మానేసి, ఎండాకాలంలో కూడా మెడ చుట్టూ చున్నీ కప్పుకుంటోంది. కంచం తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. మొన్న స్కూలు సంచి ఉతుకుదామని తీస్తే అడుగున పఫ్ కాగితాలు, బిస్కెట్ కవర్లు కనిపించాయి. రాత్రి ఒంటిగంట దాకా ఫోను చూస్తూ మేలుకుని ఉంటోంది. ఏడో తరగతిలో త్రోబాల్ జట్టులో ఆడిన పిల్ల ఇప్పుడు మేడ మెట్లు ఎక్కడానికి కూడా ఇష్టపడదు. అలవాట్లు మారకపోతే రోగం వస్తుంది, మార్చబోతే పిల్ల మాకు దూరమవుతోంది. ఈ స్థితి దాటినవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు: పిల్లల వైద్యుడు, కర్నూలు

అమ్మా, ముందు ఆ మెడ నలుపు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మీ పాప మనసు నొచ్చుకోవడం మొదలైంది అక్కడేనని నాకు అనిపిస్తోంది. దాన్ని అకాంతోసిస్ నైగ్రికాన్స్ అంటారు. అది మట్టీ కాదు, అశుభ్రతా కాదు. కండరాలు, కాలేయం, కొవ్వు కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమగ్రంథి దాన్ని ఇంకా ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అలా మోతాదు మించిన ఇన్సులిన్ చర్మకణాలను అవసరానికి మించి పెరిగేలా చేస్తుంది కాబట్టి మడతలు పడే చోట్ల చర్మం మందమై నల్లబడుతుంది. ఎంత రుద్దినా అది పోదు, పైగా రాపిడికి చర్మం దెబ్బతింటుంది. లోపల ఇన్సులిన్ తగ్గుతూ వస్తే నెలల మీద మెల్లగా పలచబడుతుంది. మీరు, మీ అత్తగారు ఇద్దరూ పాపను కూర్చోబెట్టుకుని "మట్టి అనుకుని రుద్దాం, అది మా తెలియనితనం" అని నోరు తెరిచి చెప్పండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది తాము శుభ్రంగా ఉండమేమోనన్న సిగ్గును ఏళ్ల తరబడి మోస్తుంటారు. పెద్దవాళ్లు చెప్పే ఈ ఒక్క మాట వాళ్లకు ఏ మందూ ఇవ్వలేని ఊరటనిస్తుంది.

రెండోది, ఇది పాప సోమరితనం వల్ల వచ్చింది కాదు. యుక్తవయసులో గ్రోత్ హార్మోన్ ఎక్కువగా పనిచేయడం వల్ల పూర్తి ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా ఇన్సులిన్ పనితనం దాదాపు మూడో వంతు తగ్గి, ఎదుగుదల ముగిశాక మళ్లీ కోలుకుంటుంది. దానికి తోడు మన దేశపు పిల్లలకు అదే బరువున్న ఐరోపా పిల్లలతో పోలిస్తే పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే 2015లో భారత పిల్లల వైద్యుల సంఘం తయారుచేసిన ఎదుగుదల పట్టికల్లో అధిక బరువుకు, ఊబకాయానికి పెట్టిన హద్దులు పెద్దవారి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు కొలత) 23కూ, 27కూ సమానంగా ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా షుగరు ఉంటే ఆ వారసత్వం కూడా కలుస్తుంది.

మీరు చెప్పిన అంకెలు షుగరు వ్యాధికి ముందు దశవే, అది కూడా ఆ దశ తొలి భాగంలోవి. పరగడుపున 100 నుంచి 125 వరకు, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఆ దశగా లెక్కిస్తారు. భయపడవలసినంత ఎక్కువ కాదు, పట్టించుకోకుండా వదిలేయదగినంత తక్కువ కూడా కాదు. ఎవరైనా పరగడుపు ఇన్సులిన్ పరీక్ష పదేపదే చేయించమంటే మాత్రం తొందరపడకండి. అది ఒకే బిడ్డలో రోజుకో తీరుగా వస్తుంది, ఎదిగే పిల్లలకు ఇంతకు మించకూడదని అందరూ ఒప్పుకున్న హద్దు కూడా లేదు. రక్తపోటు, కొవ్వులు, కాలేయ ఎంజైములు ఒకసారి చూపించండి, నెలసరి క్రమం గురించి డాక్టరుకు చెప్పండి.

ఇక అసలు విషయం. ఆదివారం తూకాన్ని ఈ రోజే ఆపండి, క్యాలెండరు మీది అంకెలు కొట్టేయండి. బరువు చూడవలసి వస్తే మూడు నెలలకోసారి ఆసుపత్రిలో చూస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు బరువు గురించి ఎంత ఎక్కువగా మాట్లాడితే పిల్లల్లో దాచుకుని తినడం, పస్తులుండి తర్వాత ఒక్కసారిగా తినేయడం అంత పెరుగుతాయని అనేక పరిశీలనల్లో తేలింది. మీరు సంచిలో చూసిన కాగితాలు దొంగతనానికి గుర్తులు కావు, ఆకలికీ అవమానానికీ గుర్తులు. వాటి గురించి నిలదీయవద్దు.

నిద్రను కూడా మందు అంత ముఖ్యంగా చూడండి. ఈ వయసు పిల్లలకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కొద్ది రాత్రులు నిద్ర చాలకపోయినా శరీరం ఇన్సులిన్‌కు స్పందించే తీరు తగ్గుతుంది, మరునాడు తీపి మీదికీ నూనె వస్తువుల మీదికీ మనసు లాగుతుంది. ఫోను పాప చేతిలోంచి లాక్కోకుండా, ఇంట్లో అందరి ఫోన్లూ రాత్రి పదింటికి హాల్లో ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టే పద్ధతి తీసుకురండి. అందులో మీ ఫోను కూడా ఉండాలి.

ఒక హెచ్చరిక. రెండు వారాలకు మించి దిగులుగా ఉండటం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, తిన్న వెంటనే బాత్రూములోకి వెళ్లి వాంతి చేసుకోవడం, "నేను ఉండి ఏం లాభం" లాంటి మాటలు కనిపిస్తే వాటిని వయసు వేషాలని కొట్టిపారేయవద్దు. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ముందు మీరే చేసి, పాపతో ఎలా మాట్లాడాలో అడగవచ్చు.

జవాబు: డిగ్రీ విద్యార్థిని, కడప

అమ్మా, నాకిప్పుడు ఇరవై ఏళ్లు. మీ పాప వయసులో నేనూ అచ్చం ఇలాగే మెడకు చున్నీ చుట్టుకుని తిరిగాను కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నాను.

పద్నాలుగో ఏట నాకూ ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని చెప్పారు. ఆ ఏడు ఉగాదికి మా జేజి ఇంటిల్లిపాదికీ ఓళిగలు వడ్డించి, నెయ్యి వేసి, నా ఆకులో మాత్రం దోసకాయ ముక్కలు పెట్టింది. ఆమెకు నా మీద ప్రేమ లేక కాదు, డాక్టరు చెప్పింది తప్పకూడదన్న భయం. అందరూ పడుకున్నాక నేను వంటింట్లోకి వెళ్లి, లైటు వేయకుండా, నిలబడే నాలుగు ఓళిగలు తిన్నాను. ఆకలితో కాదు, కోపంతో తిన్నాను. తిన్న తర్వాత నా మీద నాకే అసహ్యం వేసి, మరునాడంతా ఏమీ తినలేదు. ఆ తర్వాత రెండేళ్లు నా బతుకు ఈ చక్రంలోనే తిరిగింది: పగలు పస్తు, రాత్రి దొంగతనంగా తిండి, తెల్లారి ఏడుపు. ఆ రెండేళ్లలో నేను మొండిదాన్నని, నోరు కట్టుకోలేనిదాన్నని ఇంట్లో అందరూ నమ్మారు, నేను కూడా నమ్మాను.

నెలసరి సరిగా రావడం లేదని పదిహేనో ఏట స్కానింగ్ తీయించి, అండాశయాల్లో నీటిబుడగలున్నాయని చెప్పారు. ఆ మాట విని నాకు పిల్లలు పుట్టరేమోనని ఎన్ని రాత్రులు మేలుకున్నానో ఎవరికీ చెప్పలేదు. అసలు ఆ భయం నాలో ఉందని మా అమ్మకు తెలిసింది రెండేళ్ల తర్వాత. కాబట్టి మీ పాప ఏ విషయానికి భయపడుతోందో మీరు ఊహించుకోకండి, అడగండి. షుగరుకు భయపడుతోందని మీరనుకుంటారు, తను మాత్రం రేపు స్కూల్లో గ్రూపు ఫోటోలో మెడ కనిపిస్తుందని భయపడుతూ ఉండవచ్చు.

నా విషయంలో మార్పు ఇద్దరి వల్ల వచ్చింది. ఒకరు ఒక డాక్టరమ్మ. మా అమ్మను కాసేపు బయట కూర్చోమని చెప్పి, "నిన్ను అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేది ఏది?" అని నన్నే అడిగారు. అప్పటిదాకా ఎవరూ నన్ను ఏమీ అడగలేదు, అందరూ చెప్పేవాళ్లే. రెండో మనిషి మా నాన్న. ఆయనకు రోజుకు నాలుగు టీలు, ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర వేసుకునే అలవాటు. ఒకరోజు ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా, "ఇయ్యాల్టి నుంచి అందరికీ ఒకే కంచం" అన్నారు. నాకు వండినదే ఆయనా తిన్నారు, రాత్రి భోజనం కాగానే చెప్పులు వేసుకుని "వస్తావా బిడ్డా" అని గుమ్మంలో నిలబడేవారు. రానంటే బలవంతం చేయకుండా ఒక్కరే వెళ్లేవారు. తొమ్మిదో రోజో పదో రోజో నేనూ చెప్పులు వేసుకున్నాను. నడకలో ఎప్పుడూ నా ఒంటి గురించి మాట్లాడలేదు. ఆయన చిన్నప్పుడు వేంపల్లెలో చదువుకున్న రోజుల గురించి చెప్పేవారు.

ఇంకొక మాట. ఇంటర్‌కు నన్ను హాస్టల్లో చేర్చారు. తెల్లవారుజామున ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చునే చదువు, ఆటస్థలం లేదు, సాయంత్రం తినడానికి బోండా, బిస్కెట్లు. అప్పటిదాకా తగ్గిన అంకెలు ఆ ఏడాదిలోనే మళ్లీ పైకి పోయాయి. రెండో ఏడాది ఇంటి నుంచే కాలేజీకి వెళ్లాను. వచ్చే ఏడాది మీ పాపకూ ఈ నిర్ణయం ఎదురవుతుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను.

ప్రశ్నించిన తల్లి

నీ జవాబు చదివి చాలాసేపు ఏడ్చానమ్మా. మా ఇంట్లో కూడా దోసకాయ ముక్కల ఆకు మేమే వేశామని అర్థమైంది. నిన్న నేనూ మా అత్తమ్మా కలిసి పాప దగ్గర కూర్చుని, రుద్దినందుకు క్షమించమని అడిగాం. ఏమీ అనలేదు కానీ, చాలా రోజుల తర్వాత మా అత్తమ్మ ఒడిలో తల పెట్టుకుంది.

ఇప్పుడు తిండి దగ్గర సందేహం వచ్చింది. అందరికీ ఒకే కంచం అంటే ఏం వండాలి? సంగటి అయితే ఎంత తిన్నా షుగరు రాదని అత్తమ్మ అంటుంది. ఆదివారం మాకు ఉగ్గాని, బజ్జీ లేకుండా గడవదు.

జవాబు: పోషకాహార నిపుణురాలు, ఆదోని

అక్కా, మీ అత్తమ్మ మాటలో సగం నిజం ఉంది. సంగటి చేసే రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా సున్నం (కాల్షియం) ఉంటుంది, పీచు కూడా పాలిష్ పట్టిన బియ్యంలో కంటే ఎక్కువ. కానీ మెత్తగా విసిరిన పిండిని బియ్యంతో కలిపి బాగా ఉడికించి ముద్ద చేస్తే అది తొందరగానే అరిగి, రక్తంలో చక్కెరను అన్నం లాగే పెంచుతుంది. అందుకని సంగటి మానవలసిన పనిలేదు, ముద్ద సైజు తగ్గి దాని పక్కన ఉండేవి పెరగాలి. పుల్లకూర పప్పు, ఉలవచారు, గుడ్డు, నాటుకోడి ముక్కలు, ఏదో ఒక కూరగాయ ముందు కొంత తిని, ఆ తర్వాత సంగటి తింటే చక్కెర నిదానంగా పెరుగుతుంది. వడ్డించే వరుస మార్చడమే కాబట్టి దీనికి ఖర్చు లేదు, ఎవరినీ వేరుగా కూర్చోబెట్టనక్కరలేదు. జొన్న రొట్టె అందరూ తినండి, తమ్ముడు కూడా.

ఉగ్గాని విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బొరుగులు తొందరగా అరిగేవే, బజ్జీలో నూనె ఎక్కువే, అయినా వారానికి ఒక్కరోజు ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినే ఉగ్గాని వల్ల మీ పాపకు ఈ స్థితి రాలేదు. దాన్ని తీసేస్తే పోయేది ఆ కాసేపటి సంతోషమే. ఉల్లిగడ్డ, టమోటా, పుట్నాల పొడి ఎక్కువ వేసి, బజ్జీలు తలా రెండు పెట్టుకోండి.

నేనైతే సాయంత్రం ఐదు గంటల ఆకలిని చూస్తాను. పిల్లలు మధ్యాహ్నం పన్నెండున్నరకు తిని, బడి నుంచి నేరుగా ట్యూషన్‌కు వెళ్లి, రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరతారు. ఆ మధ్యలో కడుపులో ఏమీ లేకపోతే బేకరీ దగ్గర ఆగకుండా ఎవరుంటారు? మీరు చూసిన పఫ్ కాగితాలకు కారణం చాలావరకు ఇదే. బడి సంచిలో రెండో చిన్న డబ్బా పెట్టండి: ఉడకబెట్టిన చెనక్కాయలు, అలసంద గుగ్గిళ్లు, ఒక జామకాయ, ఏదైనా సరే. ఏది కావాలో వారం మొదట్లో పాపనే ఎంచుకోనివ్వండి. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఆరు చెంచాలు. ఇంట్లోకి కూల్‌డ్రింకు తేవడం ఎవరికోసమైనా సరే ఆపండి, మజ్జిగ కుండ అందుబాటులో పెట్టండి. అటక మీది చక్కెర డబ్బా మాత్రం కిందికి దించండి, దాచిపెట్టిన వస్తువు మీదికే మనసు పోతుంది.

జవాబు: వ్యాయామ ఉపాధ్యాయుడు, అనంతపురం జిల్లా

మేడమ్, త్రోబాల్ అన్న ఒక్క మాట చదవగానే నాకు ఆశ కలిగింది. ఆడటం తెలిసిన పిల్లకు ఆట మీద ఇష్టం ఎక్కడికీ పోదు. పదో తరగతిలో ఆటల పీరియడ్లన్నీ లెక్కలకూ సైన్సుకూ ఇచ్చేస్తున్నారు, ఆ తప్పులో ఉపాధ్యాయులుగా మన భాగం కూడా ఉంది. ఆడపిల్లలైతే ఏడో తరగతి తర్వాత నెలసరి మొదలవడం, చూసేవాళ్ల కళ్లు, సరైన లోదుస్తులూ ట్రాక్‌సూటూ లేకపోవడం వల్ల ఒక్కొక్కరే మైదానం అంచుకు చేరి, చివరికి బెంచీ మీద కూర్చుంటారు. ఈ మాట ఇంట్లో ఎవరూ అడగరు కాబట్టి రాస్తున్నాను: ముందు పాపకు సరిపోయే మంచి ఆట దుస్తులు కొనివ్వండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు చెమట పట్టేలా కదలాలని, వారానికి మూడు రోజులైనా కండకు బలమిచ్చే పని చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మీ పాపకు మొదటి రోజే 60 నిమిషాలు అనవద్దు. రాత్రి భోజనం తర్వాత పదిహేను నిమిషాల నడకతో మొదలుపెట్టండి. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది, కదలిక ఆగిన తర్వాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. అందుకే ఆదివారం రెండు గంటలు పరుగెత్తి వారమంతా కూర్చోవడం కంటే రోజూ కొంచెం మేలు. బరువు తగ్గకపోయినా ఈ లాభం ఉంటుందని పాపకు చెప్పండి, తూకం చూసి నిరాశపడే పిల్లలకు ఈ మాట బలాన్నిస్తుంది.

మన ఊరి ఎండకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు దాటితే బయట ఆటలు కష్టం. ఆర్ట్స్ కాలేజీ మైదానంలో తెల్లవారుజామున నడిచే కుటుంబాలు చాలా ఉంటాయి, అక్కడికి వెళ్లవచ్చు. జనం చూస్తారని పాప వెనుకాడితే కొన్నాళ్లు మేడ మీదే తాడాట, గోడకు బంతి కొట్టడం, తమ్ముడితో త్రోబాల్ సరిపోతాయి. ఆ జట్టులోని పాత స్నేహితురాలు ఎవరైనా వారానికి రెండు సార్లు మీ ఇంటికి రాగలిగితే అంతకు మించిన వ్యాయామం నేను చెప్పలేను.

ప్రశ్నించిన తల్లి, ఐదు వారాల తర్వాత

చక్కెర డబ్బా దించాం, క్యాలెండరు తీసేశాం, గుగ్గిళ్ల డబ్బా పోతోంది. సంచిలో కాగితాలు ఇప్పటికీ అప్పుడప్పుడు కనిపిస్తాయి, నేను చూడనట్టే ఉంటున్నాను. వీధి చివరి అమ్మాయి శని, ఆదివారాల్లో వచ్చి మేడ మీద బంతి ఆడుతోంది. పాప ఇప్పుడు మా పక్కన కూర్చునే తింటోంది. నిద్ర విషయంలో మాత్రం ఇంకా గెలవలేదు, పదకొండున్నర అవుతోంది. ఈ నెలలో హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించమంటారా డాక్టర్ గారూ? అంకె తగ్గకపోతే పాప కుంగిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: పిల్లల వైద్యుడు, కర్నూలు

ఇప్పుడే వద్దమ్మా. ఆ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి, మీరు మార్పులు మొదలుపెట్టి మూడు నెలలు నిండాక చేయించండి. అంతకన్నా ముందు హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చూపించండి. ఇనుము తక్కువైన రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపవచ్చు, ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత చాలా సాధారణం. మీరు ఉపాధ్యాయులే కాబట్టి బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర సంగతి తెలిసే ఉంటుంది. పాప దాన్ని నిజంగా మింగుతోందో, కడుపులో తిప్పుతోందని పారేస్తోందో నెమ్మదిగా కనుక్కోండి, ఖాళీ కడుపున కాకుండా మధ్యాహ్నం భోజనం తర్వాత వేసుకోమనండి.

కడప అమ్మాయి రాసిన స్కానింగ్ గురించి కూడా ఒక మాట. నెలసరి మొదలైన ఎనిమిదేళ్ల లోపు అండాశయాల్లో చాలా చిన్న బుడగలు కనిపించడం సహజం కాబట్టి, ఆ వయసులో పీసీఓఎస్ (నెలసరి క్రమం తప్పే హార్మోన్ల సమస్య) ఉందా లేదా అన్నది స్కానింగ్ చూసి తేల్చకూడదని 2018లోనే అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి. మీ పాపకు ఎవరైనా స్కానింగ్ రాస్తే దేనికోసమో అడిగి తెలుసుకోండి. పరీక్ష ఫలితం వచ్చిన రోజు కాగితం ముందు మీరు చూడకుండా, పాపను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, తనకే చెప్పించండి.